పాపికొండల నడుమ పడవ ప్రయాణము: చూడవలసినవి, చూచు విధము

పంజాగుట్టలో ఒక మేడపై వాన కురిసినది అనుకొందము. ఆ నీరు ఎచ్చటికి పోవును? నాలాల గుండా హుస్సేన్‌సాగరులో పడి, అచ్చటి నుండి మూసీలో చేరి, వాడపల్లి వద్ద కృష్ణా నదిలో కలియును. కాని నగరములో కుళాయి త్రిప్పినచో వచ్చు నీరంతయు కృష్ణ నీరు కాదు. 1965 నుండి హైదరాబాదునకు మంజీర నీరు వచ్చుచున్నది. మంజీర గోదావరికి ఉపనది. 2015 చివరి నుండి ఎల్లంపల్లి జలాశయము ద్వారా గోదావరి నీరు నేరుగా కూడ వచ్చుచున్నది. ఈ విధముగా మన నగరము గోదావరి నీటిని త్రాగుచు, తన వాననీటిని కృష్ణకు పంపుచున్నది. ఇది భూగోళ పాఠములో చెప్పదగిన వింత.

తాము త్రాగు ఆ నదిని నగరపు పిల్లలు కన్నులార చూచుట పెక్కుసార్లు శీతకాలపు సెలవులలోనే. ఆ దినములలో అమీర్‌పేట, పంజాగుట్ట కూడళ్ళలోని యాత్రా కార్యాలయముల బోర్డులపై "పాపికొండలు" అను పేరు కనబడును. రాత్రి బస్సు ఎక్కినవారు తెల్లవారుసరికి భద్రాచలమో, రాజమహేంద్రవరమో చేరుదురు. అచ్చటి నుండి రేవునకు పోయి పడవ ఎక్కుదురు. సాయంకాలము తిరిగి వచ్చిన విద్యార్థిని "ఏమి చూచితివి?" అని అడిగినచో, "కొండలు చూచితిని, నీళ్ళు చూచితిని" అనును. "మరి అడవి జంతువులు?" అన్నచో, "ఒక్కటి కూడ కనబడలేదండీ" అనును. "ఊళ్ళు?" అన్నచో, "దిగి వెదురు పూలు కొని వచ్చితిమి" అనును.

అడవిలో జంతువులు లేవా? ఉన్నవి. ఊరిలో తెలిసికొనదగిన దేమియు లేదా? ఎంతయో కలదు. కాని చూచుటకు కూడ కొంత చదువు కావలెను. ఆ చదువేదో కొంత ఇచ్చట చెప్పుకొందము. దీనిని ఇప్పుడే చెప్పుకొనుటకు వేరొక కారణము కూడ కలదు. ఆ నది మన కన్నుల ఎదుటనే మారిపోవుచున్నది.

గండి ఎట్లు ఏర్పడినది?

గోదావరి మహారాష్ట్రమున త్ర్యంబకేశ్వరము వద్ద పుట్టి, 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతములో కలియును. తెలుగు దేశములో అది నడచు దారిలో చాల భాగము గోండ్వానా కాలపు ఇసుకరాతి లోయ. సింగరేణి బొగ్గు దొరకునది ఆ పొరలలోనే. ఇసుకరాయి మెత్తనిది. కనుక నది ప్రక్కలను కోసికొని, వెడల్పుగా, ఇసుక తిన్నెలతో సాగును. భద్రాచలము దాటి, కూనవరము వద్ద శబరి వచ్చి కలిసిన తరువాత తూర్పు కనుమలు అడ్డము వచ్చును. ఆ కొండల రాయి వేరు. భూగర్భములో మిక్కిలి వేడికి, ఒత్తిడికి లోనై గట్టిపడిన రాయి అది. దానిలో ఒక ముఖ్యమైన రకమునకు ఖోండలైట్ అని పేరు. ఈ కనుమలలో నివసించు ఖోండు జనుల పేరును బట్టి శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టిరి. అట్టి గట్టిరాతిలో నది ప్రక్కలను సులభముగా కోయజాలదు. అడుగునే కోసికొనుచు పోవును. అందుచేత ఇరుకైన, లోతైన లోయ ఏర్పడినది.

ఇట్టి ఇరుకునకు తెలుగువారు వాడు మాట "గండి". ఒడ్డున ఉన్న దేవతకు గండి పోచమ్మ అని పేరు వచ్చినది అందుకే. స్త్రీ తలపై పాపిడి తీసినట్లు నది కొండలను చీల్చినది గనుక "పాపిడి కొండలు" పాపికొండలైనవని స్థానికులు చెప్పుదురు. ఇంగ్లీషు దొరలు ఈ కొండలను "బైసన్ హిల్స్" అనిరి. నిజమునకు బైసన్ అనునది అమెరికాలోను, ఐరోపాలోను ఉండు వేరొక జంతువు. ఇచ్చట వారు చూచినది మన అడవిదున్న.

గండిలో నీటి వేగమును గూర్చి ఒక చిన్న లెక్క వేయుదము. నదిలో సెకనుకు 5 లక్షల ఘనపుటడుగుల నీరు, అనగా సుమారు 14,000 ఘనపు మీటర్ల నీరు ప్రవహించుచున్నది అనుకొనుడు. మైదానములో నది వెడల్పు 2,000 మీటర్లు, సగటు లోతు 7 మీటర్లు అయినచో, నీరు సెకనుకు 1 మీటరు నడచిన చాలును. అదే నీరు 300 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల లోతు గల గండిలో దూరవలసి వచ్చినచో, సెకనుకు 2.3 మీటర్లకు పైగా పరుగెత్తవలెను. ఇవి లెక్క కొరకు అనుకొన్న కొలతలే. కాని సూత్రము సత్యము. ప్రవాహపు అడ్డుకోత తగ్గిన కొలది వేగము పెరుగును. దీనికి తోడు గండిలో నది వంకరలు తిరుగును. వంకరలో పైనీరు వెలుపలి ఒడ్డు వైపు త్రోయబడి, అడుగునకు దిగి, లోపలి ఒడ్డు వైపు మరలును. ఈ మెలికకు రాతి ఒడ్డుల ఎగుడుదిగుడులు కూడ తోడైనచో సుడులు పుట్టును.

ఈ లెక్క తరగతిలో నల్లబల్లపై వేయునది మాత్రమే కాదు. 2019 సెప్టెంబరు 15న, నది వరదలో నుండగా, కచ్చులూరు వద్ద ఒక యాత్రికుల పడవ మునిగి సుమారు 50 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో హైదరాబాదు నుండి పోయినవారు కూడ కలరు. కావున వరద నీరు వచ్చు కాలమున ఈ ప్రయాణము తలపెట్టరాదు. పడవ ఎక్కినది మొదలు దిగువరకు రక్షణ జాకెట్టు ఒంటిపై నుండవలెను. ఫోటో కొరకు అందరును ఒకే ప్రక్కకు చేరరాదు. పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయుడు ఈ మూడింటిని పాఠముగా ముందే చెప్పవలెను.

ఇది వర్షారణ్యమా?

యాత్రా ప్రకటనలలో ఏ పచ్చని అడవినైనను వర్షారణ్యమనుట పరిపాటి. శాస్త్రము దృష్టిలో వర్షారణ్యము వేరు. అచ్చట ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు తగ్గని వాన, అదియు ఇంచుమించు అన్ని నెలలలోను కురియును. చెట్లు ఎల్లప్పుడును ఆకుపచ్చగా నుండును. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవి, బోర్నియో ద్వీపపు అడవి అట్టివి. గోదావరి గండి ప్రాంతములో వాన ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్లు. అందులో అధిక భాగము జూన్ నుండి అక్టోబరు వరకే కురియును. మిగిలిన నెలలను చెట్లు ఎట్లు గడపవలెను? ఆకులనుండి నీరు ఆవిరియై పోవును గనుక ఆకులనే రాల్చివేయును. ఇది తేమగల ఆకురాల్చు అడవి. టేకు, మద్ది, వేగిస, ఇప్ప, తునికి, వెదురు ఇచ్చట ముఖ్యమైనవి. నీడగల వాగుల లోయలలో మాత్రము సతతహరితపు చెట్లు కొన్ని కలిసియుండును.

ఈ భేదము తెలిసినచో ప్రయాణమునకు తగిన కాలము తెలియును. నవంబరు, డిసెంబరు నెలలలో నది నిండుగా, ఎండ తేలికగా నుండును. కాని అడవి దట్టము. లోపల ప్రతి వాగులోను నీరుండును. జంతువునకు గోదావరి వద్దకు రావలసిన అవసరమే లేదు. ఫిబ్రవరి తరువాత ఆకులు రాలును, వాగులు ఎండును. అప్పుడు దుప్పి, కణుజు, అడవిదున్న నీటి కొరకు నది వైపు దిగును. ఆకులు లేనందున కంటికి కూడ ఆనును. చల్లదనము కోరువారు శీతకాలమునను, జంతువులను కోరువారు వేసవి తొలి దినములలోను పోవలెను.

జంతువులు ఏల కనబడవు?

కాలము సరియైనను జంతువులు కనబడకపోవచ్చును. దానికి మొదటి కారణము వేళ. పెద్ద జంతువులలో అధికము తెల్లవారుజామునను, ప్రొద్దు గ్రుంకు సమయమునను తిరుగాడును. యాత్రికుల పడవ ఎండ ఎక్కిన తరువాత బయలుదేరి, ప్రొద్దు గ్రుంకక మునుపే రేవు చేరును. అడవి నిద్రించు వేళకు మనము పోయి, అది మేలుకొను వేళకు తిరిగి వచ్చుచున్నాము.

రెండవ కారణము చప్పుడు. యంత్రపు మ్రోతకు తోడు పడవలో పాటల పెట్టె కూడ మ్రోగుచుండును. నీటిమీద ధ్వని భూమిమీద కంటె దూరము పోవును. నీటిని తాకు గాలి చల్లగాను, దాని పై గాలి వెచ్చగాను ఉన్నప్పుడు, వెచ్చని గాలిలో ధ్వని వేగము ఎక్కువ గనుక, పైకి పోవు ధ్వని క్రిందికి వంగి మరల నీటిపైకే వచ్చును. అది చాలనట్లు రెండు ప్రక్కల రాతికొండలు ప్రతిధ్వని చేయును. పడవ మలుపు తిరుగక మునుపే దాని రాక అడవికి తెలిసిపోవును.

మూడవ కారణము మన కన్ను. మనము జంతువు ఆకారమంతయు ఒక్కసారి కనబడునని ఎదురుచూతుము. అడవిలో కనబడునది ముక్కలు మాత్రమే: ఒక చెవి కదలిక, కొమ్మల మధ్య అడ్డముగా నున్న ఒక వీపు గీత, నీటి అంచున ఒక మచ్చ. చెట్లన్నియు నిలువు గీతలు. జంతువు వీపు అడ్డగీత. అడ్డగీతలను వెదకుట నేర్చినవానికి అడవి వేరుగా కనబడును.

ఇచ్చట ఒక హెచ్చరిక చెప్పవలెను. పడవ నుండి జంతువులు ఎక్కువగా కనబడుట అడవి క్షేమమునకు గుర్తని తలచరాదు. బోర్నియోలో సాబా రాష్ట్రమున కినబటాంగన్ అను నది కలదు. దాని మీద సాయంకాలపు పడవలో పోవువారు పొడవు ముక్కు కోతులను గుంపులు గుంపులుగా చూచెదరు. ఆ కోతులు రాత్రి నిద్రకు నదీతీరపు చెట్లనే కోరుట ఒక కారణము. కాని తీరము వెంట ఏనుగులు మొదలు ఇన్ని జంతువులు కనబడుటకు వేరొక కారణము విచారకరమైనది. నదికి ఇరువైపుల అడవిని కొట్టి పామాయిల్ తోటలు వేయుటచేత, మిగిలిన జంతువులన్నియు నది అంచున ఉన్న సన్నని అడవి పట్టీలో ఇరుకుకొన్నవి. మన గోదావరి జిల్లాలలో కూడ పామాయిల్ తోటలు పెరుగుచున్నవి గనుక ఈ ఉదాహరణము మనకు దూరమైనది కాదు. పాపికొండలలో జంతువు కనబడకపోవుటకు ఒక అర్థము, దానికి వెనుకకు తొలగుటకు ఇంకను చోటు ఉన్నదనియే.

ఏమి చూడవచ్చును?

పాపికొండల అడవిని 1978లో అభయారణ్యముగాను, 2008లో జాతీయవనముగాను ప్రకటించిరి. దాని విస్తీర్ణము 1,012 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, ఎలుగుబంటి, రేసుకుక్క, అడవిదున్న ఇందులో కలవు. వీటిని పడవ నుండి చూతుమని ఆశపడుట తగదు. పడవవానికి సులభముగా దొరకు పాఠములు వేరే కలవు. అందులో మొదటిది కోతి.

కోతి యని నవ్వవలదు. గోదావరి నది రెండు కోతి జాతులకు చిరకాలము సరిహద్దుగా నుండెను. ఉత్తరమున రీసస్ కోతి, దక్షిణమున టోపీ కోతి. టోపీ కోతికి తోక శరీరము కంటె పొడవు. తలపై వెంట్రుకలు నడుమ పాపిడి తీసినట్లు టోపీవలె పరచుకొని యుండును. రీసస్ కోతికి తోక పొట్టి. నడుము వెనుక భాగము ఎర్రని వన్నె కలిగియుండును. రక్తపరీక్షలో మనము వినుచున్న "ఆర్‌హెచ్" అను అక్షరములు ఈ రీసస్ పేరునుండి వచ్చినవే. 1940లో లాండ్‌స్టీనర్, వీనర్ అను శాస్త్రజ్ఞులు ఆ అంశమును ప్రకటించిరి.

వెడల్పైన నదిని కోతి ఈది దాటుట అరుదు. అందుచేత నది గోడవలె పనిచేసినది. కాని ఇటీవలి దశాబ్దములలో రీసస్ కోతులు గోదావరిని దాటి దక్షిణమునకు వ్యాపించుచున్నవనియు, టోపీ కోతుల చోటు తగ్గుచున్నదనియు 2011లో ప్రకటింపబడిన పరిశీలనలు తెలిపినవి. ఒక ఊరిలో పట్టిన కోతులను దూరముగా కొనిపోయి విడుచుట కూడ దీనికి ఒక కారణము. కాబట్టి పడవలోని విద్యార్థి ఒక కోతిని చూచి, అది ఏ ఒడ్డున కనబడినది, తోక ఎంత పొడవు అని వ్రాసికొన్నచో అది పనికివచ్చు సమాచారమగును. నది పారు దిక్కునకు ముఖము పెట్టి నిలిచినచో మన ఎడమచేతి ప్రక్కది ఎడమ ఒడ్డు, కుడిచేతి ప్రక్కది కుడి ఒడ్డు. పడవ ఎదురు పోవుచున్నను ఈ పేర్లు మారవు.

కొండముచ్చును గమనించుట రెండవ పాఠము. అది చెట్టుపై ఆకులు తినుచు కొన్నిటిని క్రింద పడవేయును. దుప్పులు వచ్చి వాటిని తినును. చెట్టుపైనున్న దానికి చూపు దూరము. నేలనున్న దానికి వాసన పసిగట్టు శక్తి ఎక్కువ. చిరుత వచ్చినచో ఏది ముందు కనిపెట్టినను రెండవదానికి హెచ్చరిక అందును. కొండముచ్చు ఒక్కసారిగా గట్టిగా దగ్గినట్లు అరచినచో, అది చూచుచున్న వైపు మనమును చూడవలెను.

పక్షులను చూచువానికి పడవ వంటి ఆసనము లేదు. నీటికాకి మునిగి లేచి, రాతిపై రెక్కలు చాచి ఆరవేసికొనును. దాని రెక్కలకు నీరు పట్టును గనుక మునుగుట సులభము. కాని ఎండలో ఆరవేయక తప్పదు. నలుపు తెలుపుల లకుముకి పిట్ట గాలిలో ఒకే చోట రెక్కలాడించుచు నిలిచి, చేపను చూచి బాణమువలె పడును. మఱ్ఱి, మేడి జాతి చెట్టు పండ్లతో నున్నచో తప్పక ఆగి చూడవలెను. పావురములు, గోరువంకలు, కొమ్ముముక్కు పక్షులు అచ్చట చేరును. కొమ్ముముక్కు పక్షి ఆడది చెట్టు తొఱ్ఱలో చేరి, వాకిలిని సన్నని సందు మాత్రము విడిచి మూసికొనును. మగది ఆ సందు గుండా నెలల తరబడి ఆహారము తెచ్చి యిచ్చును. తిన్న పండ్ల గింజలను దూరముగా రాల్చి, చెట్లకు విత్తనము చల్లు పని కూడ ఈ పక్షులదే. పెద్ద తొఱ్ఱగల ముసలిచెట్టును నరికినచో, ఆ చెట్టొక్కటియే కాదు, రాబోవు చెట్లు కూడ పోవును.

ఊరు చూచుట

నదీతీరమున పేరంటాలపల్లి, కొల్లూరు వంటి ఊళ్ళ వద్ద పడవలు ఆగుట వాడుక. ఈ కొండలలో నివసించువారు ముఖ్యముగా కొండరెడ్లు, కోయలు. కోయభాష గోండీకి దగ్గరి ద్రావిడ భాష. కొండరెడ్ల మాతృభాష తెలుగే. కనుక మనకును వారికిని మధ్య దుబాసీ అవసరము లేదు. అయినను చాలమంది యాత్రికులు వారితో ఒక్క మాట ఆడక, ఫోటో మాత్రము తీసికొని పోవుదురు.

కొండరెడ్ల జీవనమును గూర్చి శ్రద్ధగా వ్రాయబడిన మొదటి పెద్ద గ్రంథమునకు హైదరాబాదుతో సంబంధము కలదు. ఆ కాలమున గండి వద్ద కుడి ఒడ్డు నైజాము రాజ్యములోనిది, ఎడమ ఒడ్డు మద్రాసు రాజధానిలోనిది. ఆస్ట్రియా దేశస్థుడగు మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1941లో తన భార్యతో కూడ ఈ కొండలలో నివసించి పరిశోధించెను. "ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్" అను గ్రంథము 1945లో వెలువడినది. పోడు వ్యవసాయము, జీలుగు చెట్టు, వెదురు కూపులలో పని, కలప వర్తకుల వద్ద పడిన అప్పులు, అన్నియు అందులో వర్ణింపబడినవి.

పోడును గూర్చి విద్యార్థులకు సరియైన అవగాహన కావలెను. కొండవాలుపై చెట్లను కొట్టి, ఎండిన తరువాత, వానలకు ముందు కాల్చుదురు. బూడిదలోని పొటాషు, సున్నము నేలకు బలమునిచ్చును. గునపపు కర్రతో గుంటలు చేసి జొన్న, సామ, కంది కలిపి విత్తుదురు. రెండు మూడు పంటల తరువాత నేల సత్తువ తగ్గును. అప్పుడు దానిని విడిచి వేరొక చోటికి పోవుదురు. విడిచిన నేల పెక్కేండ్లు బీడుగా నున్నచో అడవి మరల పెరిగి సత్తువ తిరిగి వచ్చును. జనము తక్కువ, కొండ ఎక్కువ అయినంత కాలము ఈ పద్ధతి సాగినది. తిరుగుటకు చోటు తగ్గి, బీడు కాలము తగ్గినప్పుడే నేల చెడినది. కావున తప్పు పోడు చేయువాని అజ్ఞానమనుట శాస్త్రము కాదు. ఎంత నేల, ఎన్ని ఏండ్ల విరామము అన్నదే లెక్క.

పంట చాలని నెలలలో అడవియే ఆహారమిచ్చును. జీలుగు చెట్టు కల్లునిచ్చును. కరవు వచ్చినప్పుడు దాని మ్రానులోని పిండి కూడ ఆహారమగును. మామిడి టెంకలోని జీడిని నీటిలో నానవేసి, వగరు పోగొట్టి, పిండి చేసి అంబలి కాచుకొనుట కలదు. వగరు అనగా టానిన్ అను పదార్థము. అది నీటిలో కరగును. రసాయనశాస్త్రము చదువక పూర్వమే ఈ ప్రక్రియను అడవిజనులు కనుగొనిరి.

ఇట్టివారి ఊరు జంతు ప్రదర్శనశాల కాదు. మనము పంజాగుట్టలో పరుల ఇంటిలోనికి చెప్పకుండ దూరి ఫోటో తీయుదుమా? అచ్చట కూడ అంతే. ముందు పలుకరించి, పెద్దలైనచో "అయ్యా", "అమ్మా" అని పిలిచి, అనుమతి అడుగవలెను. వలదన్నచో మానవలెను. పిల్లలకు చిల్లర, మిఠాయి విసరుట వారిని భిక్షకులను చేయుటయే. వెదురుతో చేసిన బుట్టయో, పూవో నచ్చినచో అడిగిన ధర యిచ్చి కొనవలెను. దానికి ఒక పూట పని పట్టియుండును. కొనుచు, "ఏ వెదురు? ఎప్పుడు నరికెదరు?" అని అడిగినచో ఒక వృక్షశాస్త్ర పాఠము దొరకును. "కణుజు ఏ వేళ నీటికి దిగును? ఈ ఏడాది ఎన్ని సార్లు చూచితిరి?" అని అడిగినచో ఏ దుర్భిణియు చూపలేని విషయము తెలియును. అడవిని చూచుట, ఊరిని చూచుట రెండు పనులని అనుకొందుము. నిజమునకు ఊరివారి తెలివి లేనిదే అడవి మనకు తెలియదు.

మారుచున్న నది

గండికి దిగువన పోలవరము వద్ద కట్టుచున్న ఆనకట్ట వలన ఈ దృశ్యమంతయు మారుచున్నది. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే గుండా మళ్ళించిరి. జలాశయము పూర్తిగా నిండినప్పుడు నీటిమట్టము సముద్రమట్టమునకు 45.72 మీటర్ల ఎత్తున నిలుచును. వ్యవసాయమునకు, త్రాగునీటికి, విద్యుత్తునకు ఈ కట్టడము అవసరమని ప్రభుత్వములు నిర్ణయించినవి. దానికి చెల్లించు మూల్యములో పెద్ద భాగము గండి పైనున్న ఊళ్ళవారిది. సుమారు లక్ష కుటుంబములు కదలవలసి యున్నవి. వారిలో కోయలు, కొండరెడ్లు ఎక్కువ. చాలమంది ఇప్పటికే పునరావాస కాలనీలకు పోయిరి. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు పొంగినప్పుడు తీరపు ఊళ్ళు అనేకము మునిగినవి. కావున పాత పుస్తకమునో, పాత ఫోటోనో చూచి ఒక ఊరిని వెదకుచు పోయినచో అది అచ్చటనే యుండునని నమ్మరాదు.

పారు నది నిలువ నీరగునప్పుడు ప్రకృతిలో ఏమి జరుగును? ఇసుక తిన్నెలు మునుగును. వేసవిలో తిన్నెలపై గ్రుడ్లు పెట్టు నదీ పక్షులకు చోటు పోవును. పారు నీటికి అలవాటైన చేపలు తగ్గి, చెరువు చేపలు పెరుగును. ఒడ్డున ఉన్న మద్దిచెట్ల వరుస మునిగి ఎండిపోవును. నీటి అంచు పైకి జరిగి, ఇంతకు మునుపు లోపలనున్న అడవి ఒడ్డు అగును. వెడల్పు పెరిగిన నీరు జంతువులకు క్రొత్త అడ్డు కూడ కావచ్చును. వీటిలో ఏది ఎంతవరకు జరిగినదో చెప్పుటకు ఒకటే మార్గము: మునుపు ఎట్లుండెనో, ఇప్పుడు ఎట్లున్నదో వ్రాసి యుంచుట.

ప్రయాణమునకు ముందు, తరువాత

చూచు అలవాటు పడవ ఎక్కిన నాడే రాదు. దానికి సాధన నగరములోనే చేయవచ్చును. పంజాగుట్ట నుండి కొలది దూరములో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనము కలదు. ఒక ఉదయము పది మంది విద్యార్థులను తీసికొనిపోయి, పదిహేను నిమిషములు మాట లేక కూర్చుండబెట్టుడు. మొదటి ఐదు నిమిషములలో ఏమియు కనబడదు. పదవ నిమిషమున పక్షులు మరల మాటలాడుకొనును. పదిహేనవ నిమిషమున నెమలి తోక యొకటి పొదలలో కదలవచ్చును. నిశ్శబ్దము ఎంత పని చేయునో పిల్లలు అప్పుడు తెలిసికొందురు. ఆ తరువాత గోదావరిపై, "కొంచెము సేపు పాటలు ఆపించుడు" అని పడవవానిని వారే అడుగుదురు.

ప్రతి విద్యార్థి ఒక చిన్న పుస్తకమున ఏడు గడులు గీసికొనవలెను: తేది, వేళ, చోటు, ఏ ఒడ్డు, చూచినది, ఎన్ని, ఏమి చేయుచుండెను. పేరు తెలియనిచో ఆకారము, రంగు, తోక, ముక్కు వ్రాయవలెను. చూడనిదానిని చూచితినని వ్రాయరాదు. "ఏమియు కనబడలేదు, యంత్రపు చప్పుడు హెచ్చు" అని వ్రాసినను అది సత్యమైన పరిశీలనయే. ఊరిలో వినిన మాటను వేరొక పుటలో వ్రాసి, ఊరి పేరు, వేళ చేర్చవలెను.

1931లో సలీం అలీ హైదరాబాదు రాజ్యమున పక్షులను లెక్కించుటకు పూనుకొన్నప్పుడు కూడ ఆధారము ఇట్టి పుటలే. ఆయనయు, 1941లో కొండరెడ్ల నడుమ నివసించిన దంపతులును వ్రాసిపెట్టినందుననే ఆ నాటి సంగతి మనకు తెలిసినది. నది ఈ పదేండ్లలో మారినంతగా వెనుకటి నూరేండ్లలో మారలేదు. ఈ నాడు అమీర్‌పేట పాఠశాలలోని పిల్లవాడు తన పుస్తకములో "ఎడమ ఒడ్డు, పొట్టి తోక కోతులు, ఏడు" అని వ్రాసినచో, రేపు ఆ ఒడ్డు నీట మునిగిన తరువాత ఆ వరుసయే సాక్ష్యము. పాఠశాల అల్మారాలో దానికొక చోటు ఉంచుడు.